గరిటె ముద్ర, నత్త ముద్ర

ఐవీ ఎండకాట్ మా వదిన. మా అన్నయ్య వాల్టర్ రాతి గోడలు కట్టేవాడు. వదిన డార్ట్‌మూర్ కొండల పక్కన మా ఊరు చాగ్‌ఫర్డ్ బడిలో పిల్లలకు వంట చేసేది. ఇరవై రెండేళ్లు చేసింది. తిన్న పళ్లెం ఊడ్చకుండా తెచ్చి పెడితే హెడ్మాస్టరునైనా వెనక్కి పంపేది. పొట్టి మనిషే గాని, గొంతు విప్పితే వీధి చివర పోస్టాఫీసులో గుమాస్తాగా కూర్చున్న నాకు వినబడేది. నా పేరు నోరా. పెళ్లి చేసుకోలేదు. ఆదివారం భోజనం ఎప్పుడూ వాళ్లింట్లోనే.

1974 సెప్టెంబరులో ఒక రోజు అన్నయ్య కొండ మీద ఎవరిదో కూలిన గోడ నిలబెడుతుంటే వదిన భోజనం పట్టుకెళ్లింది. తిరుగుదారిలో వాన కమ్మేసింది. పెద్ద బండ కిందికి దూరి, చలికి చేతులు ముడుచుకుని కూర్చోబోతే మోచేతికి ఏదో తగిలింది. చూస్తే రేకు డబ్బా. అందులో రెండు ప్లాస్టిక్ సంచులు, వాటిలో నక్క బొమ్మ చెక్కిన రబ్బరు ముద్ర, ఇంకు ప్యాడ్, చిన్న నోటుపుస్తకం ఉన్నాయి. పుస్తకం నిండా రంగురంగుల ముద్రలు, పేర్లు, తేదీలు. వాన వెలిసేదాకా ఆమె దాన్ని మొదటి పేజీ నుంచి చదివింది.

ఆ సాయంత్రం తడిసిన కోటుతోనే మా ఇంటికొచ్చింది.

"కొండ మీద ఒక డబ్బా ఉందే నోరా. తాళం లేదు. పదకొండేళ్లుగా అక్కడే ఉంది. ఎవరూ ఎత్తుకుపోలేదు!"

"ఉత్తరాల పెట్టె వదినా. డార్ట్‌మూర్ అంతా ఉన్నాయిగా. మా తాతల నాటి నుంచీ ఉన్నాయి. పోస్టాఫీసుకి వచ్చేవాళ్లు ఎప్పుడూ వాటి గురించే గుసగుసలు."

"మరి నాకెవరూ చెప్పలేదేం?"

"చెప్పకూడదుగా. అదే దాని మర్యాద."

మర్యాద అన్న మాట ఆమెకు పట్టేసింది. నెల తిరక్కుండా ఒక దిక్సూచి కొనుక్కుంది. రబ్బరు ముక్క మీద కూరగాయల చాకుతో తనే ఒక గరిటె చెక్కుకుంది. పెట్టె దొరికితే దాని ముద్ర మన పుస్తకంలో వేసుకోవాలి, మన ముద్ర దాని పుస్తకంలో వేసి రావాలి. అలా గరిటె బొమ్మ కొండల మీద తిరగడం మొదలుపెట్టింది. తోడుగా నేను. పెట్టె పెట్టినవాళ్లు రాసి చేతులు మార్చే ఆచూకీ కాగితంలో ఏముంటుందంటే, వంగిన రోవన్ చెట్టు నుంచి ఫలానా దిక్కుకు నలభై అడుగులు, రొట్టెలా ఉన్న రాయి కింద, అంతే. తక్కిందంతా మన మోకాళ్ల మీద పాకి వెతుక్కోవాలి.

రెండేళ్లు తిరిగేసరికి ఆ ఆట మర్యాదలన్నీ ఆమెకు కంఠతా వచ్చేశాయి. గోడలో రాయి పీకి పెట్టె దాచకూడదు. పూర్వుల సమాధి రాళ్లను ముట్టుకోకూడదు. పలుగు, పార పట్టుకెళ్లకూడదు. తీసిన రాయిని నాచు ఉన్న వైపు పైకే పెట్టాలి. గొర్రెలు ఈనే రోజుల్లో కుక్కను తాడు వదలకూడదు. తెరిచిన గేటు మూయాలి. సైన్యం వాళ్లు తుపాకుల సాధన కోసం గుట్ట మీద ఎర్ర జెండా ఎగరేసిన రోజు ఆ వైపు అడుగు పెట్టకూడదు. పరాయివాళ్లు కనుచూపు మేరలో ఉంటే పెట్టె జోలికి పోకుండా ఓ పక్కన కూర్చుని, ఫ్లాస్కు తీసి, టీ తాగడానికే వచ్చినట్టు టీ తాగాలి.

ఇవన్నీ పాటించడం ఒక ఎత్తు. వదిన పాటించడంతో ఊరుకోలేదు. పాటించనివాళ్లకు పెట్టెల పుస్తకాల్లోనే చీవాట్లు రాసేది. ఒక చోట "మూత సరిగా పెట్టలేదు, మీ ఇంట్లో తలుపులుండవా?" అని, ఇంకో చోట "ఆపిల్ తొక్క ఎవరిది? వచ్చి తీసుకుపోండి" అని. కింద గరిటె ముద్ర. జనం చదివి నవ్వుకునేవాళ్లు, కొందరు భయపడేవాళ్లు కూడా. గరిటె నిన్ననే వచ్చి వెళ్లిందని చూసి ఒకాయన మూత మూడుసార్లు సరిచూసుకున్నాడట. ఆ సంగతి చెబితే వదిన వారం రోజులు సంతోషంగా ఉంది.

ఒకసారి ఒక పెట్టెలో ముద్ర లేకుండా పెన్సిలుతో తులిప్ పువ్వు గీసి, "మేమిద్దరం బ్రిస్టల్ నుంచి వచ్చాం, చాలా బాగుంది" అని ఎవరో భార్యాభర్తలు చిరునామాతో సహా రాశారు. రాయిని మాత్రం నాచు కిందికి పెట్టి పోయారు. వదిన ఆ పువ్వు పక్కన ఆరు వరుసలు రాసింది. నేను అడ్డం పడ్డాను.

"పాపం కొత్తవాళ్లేమో వదినా. మరీ అంత ఘాటా?"

"ఘాటు లేకపోతే గుర్తుండదే. పిల్లలకి నేను చెప్పేది అలాగేగా."

నెలన్నర తర్వాత అదే పెట్టెకు మళ్లీ వెళ్లాం. ఆమె ఆరు వరుసల కింద వంగపండు రంగు ఇంకులో నత్త బొమ్మ ముద్ర. దాని పక్కన సన్నని అక్షరాలు. "గరిటమ్మగారికి నమస్కారం. వాళ్లకిది మొట్టమొదటి పెట్టె. ఇక రారేమో. మీరు కోపంగా దిగి వెళ్లిన దారిలో ఫెర్న్ మొక్కలన్నీ వాలిపోయి, పెట్టె ఎక్కడుందో గుడ్డివాడికి కూడా తెలిసేలా ఉంది."

వదిన మొహం ఎర్రబడింది. వెనక్కి తిరిగి చూసింది. నిజంగానే గుట్ట కింది నుంచి పెట్టె దాకా కాలిబాట పడిపోయి ఉంది.

"ఎవడే ఈ నత్త?"

"ఎవరైతేనేం, కళ్లు మాత్రం బాగా పనిచేస్తున్నాయి."

అక్కణ్ణించి మూడేళ్లు ఆ తగువు నడిచింది. ఈమె ఒక పెట్టెలో ఏదో రాస్తుంది, నత్త జవాబు రాస్తుంది. ఇంకో పెట్టెలో నత్త ముందే వచ్చి పోయి ఉంటుంది, ఈమె దాని తప్పు పట్టుకోవాలని ప్యాడు మీద బూజు దాకా వెతుకుతుంది. నత్త ఎప్పుడూ ఒక్క తప్పూ చెయ్యలేదు. అదే ఆమె బాధ. నేను ఏడిపించేదాన్ని.

"అన్నయ్యా, నీ పెళ్లానికి కొండ మీద ఉత్తరాలొస్తున్నాయి. జాగ్రత్త."

అన్నయ్య బంగాళదుంపలు నములుతూ, "గోడల్లో రాళ్లు పీకనివాడైతే నాకేం అభ్యంతరం లేదు," అనేవాడు.

1981 ఫిబ్రవరిలో వదిన సొంతంగా ఒక పెట్టె పెట్టింది. హెక్స్ వాగు పైన, పాత తగరపు గనులు తవ్విన లోయలో, రాతి అంచుకు హెదర్ పొదలు వేలాడే చోటు. వెనక కొండ, కింద నీళ్ల చప్పుడు. "ఇంత అందమైన చోటు డార్ట్‌మూర్‌లో ఎవరికీ దొరకలేదు," అంది. పుస్తకం అట్ట లోపల తన పేరు, ఇంటి చిరునామా రాసింది. ఎంతమంది వచ్చారో చూడాలని ప్రాణం ఆగేది కాదు. ఏప్రిల్‌లో రెండుసార్లు, మేలో ఒకసారి వెళ్లాం. మేలో వెళ్లినప్పుడు ఒక కొండపిట్ట, నల్లగా, మెడ కింద తెల్లని నెలవంకతో, ఎదురు రాయి మీద వాలి టక్ టక్‌మని ఆపకుండా అరిచింది. వదిన పెట్టె పక్కనే కూర్చుని మాంసం పేస్టీ తింటూ నవ్వింది.

"చూడవే, ఎవర్నో తిడుతోంది. అచ్చం నాలాగే."

అరగంట పైనే కూర్చున్నాం. ఆ అరగంటా అది అరుస్తూనే ఉంది.

పది రోజులకు పోస్టాఫీసులో ఉదయపు సంచి విప్పుతుంటే వదిన పేరున ఒక కవరు కనబడింది. పైన ఓక్‌హాంప్టన్ తపాలా ముద్ర ఉంది, పంపినవారి పేరు లేదు. మధ్యాహ్నం నేనే పట్టుకెళ్లి బడి వంటింట్లో ఇచ్చాను. కస్టర్డ్ గిన్నె పక్కన పెట్టి చింపింది. లోపల చిన్న కాగితం, అడుగున వంగపండు రంగు నత్త.

"అమ్మా, ఇది అందరూ చదివే పుస్తకంలో రాయడం ఇష్టం లేక ఇలా రాస్తున్నాను. మీ పెట్టెకు రెండడుగుల పైన, హెదర్ వేళ్ల మధ్య కొండపిట్ట గూడుంది. నాలుగు గుడ్లు. ఫిబ్రవరిలో మీకు తెలిసే వీలు లేదు. నేను ముద్ర వెయ్యకుండా వచ్చేశాను. వీలైనంత త్వరగా పెట్టె తీసెయ్యండి."

వదిన కాగితం మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకుంది. ఆ పూట పిల్లలెవర్నీ ఏమీ అనలేదు. పాత్రలు కడిగే ఆవిడ నా దగ్గరకొచ్చి, "ఐవీ గారికి ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది.

శనివారం వెళ్లాం. అన్నయ్య బైనాక్యులర్ తీసుకుని లోయకు ఇవతలి గట్టు మీద, గాలి మాకు ఎదురొచ్చే వైపు కూర్చున్నాం. గూడు ఉండాల్సిన చోటు కనిపిస్తోంది. పిట్ట కనిపించలేదు. గంట గడిచింది. రెండు గడిచాయి. వదిన బైనాక్యులర్ కంటి నుంచి దించలేదు. గొర్రె ఒకటి వాగు దాటింది, ఎక్కడో భరతపక్షి పాడింది. ఆ రాతి అంచు మీద మాత్రం ఏ కదలికా లేదు.

"తిండికి పోయిందేమో వదినా."

"రెండు గంటలు పోదే. పొదిగేది రెండు గంటలు పోదు."

ఆదివారం మళ్లీ వెళ్లాం. పొద్దున్నుంచి మూడింటి దాకా చూశాం. అప్పుడు వదిన లేచి ఒక్కతే నడిచి వెళ్లింది. రాతి అంచు మీదికి తల ఎత్తి చూసి, చాలాసేపు అలాగే నిలబడింది. నేను వెనకే వెళ్లాను. నాలుగు గుడ్లు, పచ్చని నీలి రంగు మీద గోధుమ రంగు చుక్కలు. వాటి మీద మంచు తేమ ఆరకుండా ఉంది. వారానికి మూడు వందల గుడ్లు పగలగొట్టే మనిషి, చెయ్యి చాచింది, మళ్లీ వెనక్కి తీసుకుంది.

"నేను దాని ఎదురుగా కూర్చుని పేస్టీ తిన్నాను నోరా," అంది.

పెట్టె తీసి సంచిలో పెట్టుకుంది. ఇంటికొచ్చాక పుస్తకంలో ముద్రలు లెక్కపెట్టాం. నలభై మూడు. అంతమంది అక్కడ మోకాళ్ల మీద పాకారు. ఫిబ్రవరిలో ఆ లెక్క తెలిస్తే ఆమె ఊరంతా చెప్పుకుని ఉండేది.

నత్తకు జవాబు రాయడానికి చిరునామా లేదు. తర్వాతి వారం మేము వెళ్లిన పెట్టె జనం ఎక్కువగా వచ్చేది, నెలకు ఒక పుస్తకం నిండేది. వదిన దాని కొత్త పేజీ తీసి రాసింది. "నత్తగారికి. మీరు చెప్పింది నిజం. పిట్ట తిరిగి రాలేదు. పెట్టె తీసేశాను. తప్పు నాది." కింద పెద్దగా గరిటె ముద్ర వేసింది.

"అందరూ చదువుతారు వదినా. ఆయన నీకు చాటుగానే రాశాడుగా."

"చదవనీవే. అందరివీ నేను అందరి ముందే రాశాను."

బ్రిస్టల్ భార్యాభర్తలకు కూడా ఒక ఉత్తరం రాసింది. పాత పుస్తకంలో చిరునామా వెతకడానికి ఆ కొండ మళ్లీ ఎక్కింది. క్షమించమని, ఆగస్టు దాటాక ఎప్పుడైనా రమ్మని, వస్తే తన ఇంట్లో టీ తాగి వెళ్లమని. ఆ ఉత్తరానికి నేనే తపాలా బిళ్ల అంటించాను. జవాబు రాలేదు. సంవత్సరం పాటు ఉదయపు సంచి విప్పినప్పుడల్లా నేను బ్రిస్టల్ ముద్ర కోసం చూసేదాన్ని. వదిన మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ అక్టోబరులో డన్‌కాంబ్ గుట్ట వెనక ఒక పెట్టె కోసం వెళ్లాం. ఆచూకీ ప్రకారం లెక్కపెట్టుకుంటూ పోతే, సరిగ్గా పెట్టె ఉండాల్సిన చోట ఒక పెద్దాయన బండ మీద కూర్చుని ఉన్నాడు. పక్కన చేతికర్ర. మమ్మల్ని చూడగానే ఫ్లాస్కు తీసి టీ పోసుకున్నాడు. వదిన టక్కున ఆగి, ఇరవై గజాల ఇవతల కూర్చుని తనూ ఫ్లాస్కు తీసింది.

"రోజు బాగుందండీ," అంది.

"బాగుందమ్మా. ఇలాంటి రోజు మళ్లీ రాదు," అన్నాడాయన. ఆకాశం అప్పటికే బూడిద రంగులో ఉంది.

అరగంట గడిచింది. ఆయన కదల్లేదు. ఈమె కదల్లేదు.

"గొర్రెలు ఈ ఏడు బలంగా ఉన్నాయి," అన్నాడు.

"ఉన్నాయండీ. మీరు చాలా దూరం వెళ్లాలేమో, చీకటి పడుతుందేమో."

"నాకేం తొందర లేదు. మీకే, ఆడవాళ్లు..."

"మాకూ తొందర లేదు లెండి."

చినుకులు మొదలయ్యాయి. ఇద్దరూ టోపీలు పెట్టుకున్నారు. టీ అయిపోయింది. ఖాళీ కప్పు నోటి దగ్గర పెట్టుకుని తాగుతున్నట్టు నటించడం నేను కళ్లారా చూశాను, ఇద్దర్నీ. గంటా పది నిమిషాలు దాటాక నా కాళ్లు కొయ్యబారిపోయాయి.

"ఏమండీ," అన్నాను గట్టిగా. "మీరు పెట్టె కోసమే కూర్చున్నారు. మా వదినా పెట్టె కోసమే కూర్చుంది. నాకు చలి పుడుతోంది. మీ కింద ఉన్న రాయి ఎత్తితే ముగ్గురం ఇంటికెళ్లచ్చు."

"నోరా!" అంది వదిన, నేనేదో బూతు మాట అన్నట్టు.

పెద్దాయన ఒక్క క్షణం నన్ను చూసి, భుజాలు కదిలేలా నవ్వాడు. లేవడానికి కర్ర మీద చాలా బరువు వెయ్యాల్సి వచ్చింది. ఆయన తుంటి ఎముక పాడైపోయి పదేళ్లయిందని తర్వాత తెలిసింది. రాయి ఎత్తి, డబ్బా తీసి, ముందుగా వదినకే అందించాడు. ఆమె జేబులోంచి గరిటె తీసింది. ఆయన దాన్ని చూసి తన జేబులో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు. మెల్లగా బయటికి తీశాడు. నత్త.

వదిన నత్తనూ ఆయన్నీ మార్చి మార్చి చూసింది.

"గరిటమ్మ అంటే ఇంకాస్త పొడుగ్గా ఉంటారనుకున్నాను," అన్నాడు.

"నత్త అంటే మాత్రం సరిగ్గా ఇలాగే అనుకున్నానండీ నేను."

ఆయన పేరు లయనెల్ పెథిక్. రైల్వేలో సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేసి రిటైరయ్యాడు. భార్య లేదు. ఇద్దరూ ముద్రలు వేశారు, రాయి ఏ వైపు తిప్పాలో పోట్లాడుకున్నారు, చివరికి ఆయన చెప్పిన వైపే పెట్టారు. దిగి వస్తుంటే వదిన ఆగింది.

"ఆ గూడు... నేను దాని ముందు అరగంట కూర్చున్నానండీ. తెలియకే. అయినా కూర్చున్నాను."

"నేనూ కూర్చున్నానమ్మా. గుడ్లు నాలుగా మూడా అని మరీ దగ్గరికెళ్లి చూశాను. అంత అవసరం ఏమొచ్చింది? మీకు రాసినప్పుడు ఆ సంగతి రాయలేదు." ఆయన కర్రతో నేల పొడిచాడు. "మీరు తప్పు నాది అని రాసింది చదివాక రెండు రోజులు నిద్ర పట్టలేదు."

వదిన ఆయన చెయ్యి పట్టుకుని బురద దాటించింది. ఆయన వద్దనలేదు.

ఆ చలికాలం అన్నయ్య ఇంట్లో భోజనాల బల్ల మీద ఇద్దరూ మ్యాపు పరుచుకుని, రాతి లోయల్లో ఉన్న పెట్టెలన్నీ గుర్తుపెట్టారు. ఎవరెవరివో కనుక్కుని యాభై ఉత్తరాలు రాశారు. మార్చి నెలాఖరు నుంచి ఆగస్టు దాకా పెట్టె తీసి ఉంచండి, మీకు కుదరకపోతే మేం తీసి దాచి మళ్లీ పెడతాం అని. సగానికి పైగా ఒప్పుకున్నారు. కొందరు జవాబివ్వలేదు. ఒకాయన "కొండ మీ అబ్బ సొత్తా?" అని రాశాడు. వదిన ఆ ఉత్తరం చదివి, కలం తీసి, మూత విప్పి, మళ్లీ బిగించి సొరుగులో పడేసింది. పాత ఐవీ అయితే నాలుగు పేజీలు రాసేది.

పెట్టెల పుస్తకాల్లో రాయడం మానలేదు. "మూత వదులుగా ఉంది, నేను బిగించాను" అని రాసేది. అంతే.

తన పెట్టె మళ్లీ పెట్టాలని 1982 ఆగస్టులో అనుకుంది. ఈసారి ముందుగా హెక్స్ వాగు పక్క తన భూమిలో గొర్రెలు మేపే సైలస్ కోకర్ దగ్గరికి వెళ్లింది. ఆయనకు డెబ్బై దాటాయి, మనిషితో మాట్లాడటం కన్నా కుక్కతో మాట్లాడటం ఎక్కువ.

"మీ చోట ఒక డబ్బా పెట్టుకోనా అండీ?"

ఆయన పైపు నోట్లోంచి తీశాడు. "ఏమ్మా, ఏం డబ్బా?"

వదిన చెప్పింది. ఆయన విని పైపు బూటుకేసి దులిపాడు.

"నా భూమ్మీద ఎన్ని ఉన్నాయో తెలుసా? పధ్నాలుగు. నాకు తెలిసినవే. ముప్పై ఏళ్లలో అడిగినదానివి నువ్వొక్కదానివేనమ్మా."

"అడగాలని నాకూ ఇన్నాళ్లూ తోచలేదండీ."

"సరే రా, చూపిస్తా."

వాగు వైపు తీసుకెళ్తాడని ఆమె ఆశ. ఆయన గొర్రెల దొడ్డి వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ విరిగిన గేటు స్తంభం, దాని మొదట్లో ఒక బొరియ. ఎదురుగా గోడ. ఆ గోడ అన్నయ్యే కట్టాడు. నిలబడి చూస్తే కొండ కనిపించదు, నీళ్లు వినిపించవు, గొర్రెల వాసన మాత్రం ఉంటుంది.

"ఇక్కడైతే ఎవరికీ ఇబ్బంది లేదు," అన్నాడాయన.

"చాలా బాగుందండీ," అంది వదిన.

ఆ పెట్టె ఇప్పటికీ అక్కడే ఉంది. 1990లో వదిన మోకాళ్లు పని చెయ్యడం మానేశాక దాని మంచిచెడ్డలు నేను చూస్తున్నాను. వచ్చినవాళ్లు పుస్తకంలో తరచూ రాస్తుంటారు, ఇంత దూరం నడిచి వస్తే చూడ్డానికేమీ లేదని. ఆదివారం భోజనానికి వెళ్లినప్పుడు నేను ఆమెకు ఆ మాటలన్నీ చదివి వినిపిస్తాను. "ఎవరికీ ఇబ్బంది లేదుగా," అని ఆమె నా పళ్లెంలో ఇంకో బంగాళదుంప వేస్తుంది.